ఫ్రీజర్‌లో దాచిన రక్తం

డీప్ ఫ్రీజర్‌లో పెట్టిన టమాటాను బయటికి తీసి చూశారా? కాసేపటికే మెత్తబడి నీరు కారుతుంది. లోపలి నీరు మంచు స్ఫటికాలై కణాలను చీల్చడమే దీనికి కారణం. ఎర్ర రక్తకణాలకైతే కణకవచం కూడా లేదు, ఉన్నది పలుచని పొరే. రక్తాన్ని తీసింది తీసినట్లు ఘనీభవింపజేస్తే అవి పగిలి, లోపలి పొటాషియం బయటికి వస్తుంది. ఇక పరీక్షలో పొటాషియం ఎక్కువగా కనిపిస్తుంది. రోగికి లేని జబ్బు కాగితం మీద పుడుతుందన్నమాట!

అందుకే ముందుగా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, కణాలను వేరుచేసి, పైన తేలిన సీరం లేదా ప్లాస్మాను మాత్రమే దాస్తారు. ఏళ్ల తరబడి ఉంచాలంటే సాధారణంగా మైనస్ 80 డిగ్రీల సెల్సియస్ కావాలి. మైనస్ 20 వద్ద మార్పులు నెమ్మదిస్తాయే గాని ఆగవు. మాటిమాటికి కరిగించి మళ్లీ ఘనీభవింపజేయడం ఇంకా చెడ్డది (కరెంటు కోత సంగతి మనకు వేరే చెప్పాలా?). కాబట్టి ఒకే శాంపిల్‌ను చిన్న చిన్న గొట్టాల్లో పంచి, అవసరమైనదాన్నే కరిగిస్తారు.

ఇంత శ్రమ ఎందుకంటారా? 1959లో బెల్జియన్ కాంగోలోని లియోపోల్డ్‌విల్‌లో, అంటే నేటి కిన్షాసాలో, ఒక వ్యక్తి నుండి తీసిన ప్లాస్మా ఇలాగే ఫ్రీజర్‌లో ఉండిపోయింది. అప్పటికి ఎయిడ్స్ అన్న పేరే లేదు. అందులో హెచ్.ఐ.వి. జన్యుపదార్థం దొరికిందని 1998లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అది అప్పటికే ముక్కలు ముక్కలైపోయింది. అయినా ఆ ముక్కలనే చదివి, ఆ వైరస్ 1959కి ముందే మనుషుల్లోకి వచ్చిందని తేల్చారు.