సోలార్ కంటే ముందు సున్నం

ప్రశ్న: నరసరావుపేట జేఎన్‌టీయూకే ఇంజనీరింగ్ కళాశాల లాంటి క్యాంపస్‌ను పర్యావరణహితంగా మార్చాలంటే సోలార్ పలకలతోనే మొదలుపెట్టాలా?

జవాబు: సోలార్ కావాల్సిందే. అయినా మొదటి ఖర్చు డాబాకు తెల్లసున్నం వేయడానికే పెట్టమంటాను. మన ప్రాంతంలోని రెంటచింతల ఎండల సంగతి రాష్ట్రమంతా ఎరిగినదే. మాసి నల్లబడ్డ శ్లాబు పగలంతా వేడిని పీల్చుకుని, రాత్రి హాస్టల్ గదుల్లోకి వదులుతుంది. సరిగ్గా ఆ వేళకే పలకలు కరెంటు ఇవ్వవు. తెల్లటి కప్పు ఎండలో చాలా భాగాన్ని వెనక్కి కొడుతుంది కాబట్టి కరెంటు అవసరమే తగ్గుతుంది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇందుకే. మనకు పిడుగురాళ్ల సున్నం పక్కనే ఉంది; అయినా పిల్లలు పడుకునే గదులను ఇంతగా ఉడికిపోనివ్వడం అన్యాయం.

వానకు పూత పోతుందంటారు. నిజమే, ఏటా వేసవికి ముందు మళ్లీ వేయాలి. అంతకంటే బరువైన అభ్యంతరం సున్నపు బట్టీలది: టన్ను సున్నం తయారైతే రాయి నుంచే సుమారు 785 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. పూత గట్టిపడుతూ అందులో చాలావరకు గాలి నుంచి తిరిగి తీసుకుంటుంది. కాల్చిన బొగ్గు పొగ మాత్రం లెక్కలో మిగులుతుంది. అందుకే దుబారా వద్దు. సున్నం రాత్రంతా నాననిచ్చి, గుడ్డలో వడగట్టి, కాస్త ఫెవికాల్ కలిపి పలుచగా రెండు పూతలు వేయండి. సోలార్ స్టాండ్లు ఆ తర్వాతే బిగించండి. పలకలు కూర్చున్నాక కిందికి చీపురు కూడా దూరదు.