బెల్టు జారితే బిగిస్తే చాలునా?

మిరపకాయల కాలంలో మా ఊరి పిండిమర తెల్లవారింది మొదలు దీపాలు పెట్టే వేళదాకా ఆడుతూనే ఉండేది. ఒక ఏడాది అది మొరాయించింది. ఖాళీగా ఉన్నంతసేపూ బాగానే తిరిగేది. పైన గింజలు పోయగానే కీచుమని ఒక అరుపు, రబ్బరు మాడిన వాసన! మోటారు ఎప్పటిలాగే తిరుగుతున్నా మర మాత్రం నెమ్మదించేది. యజమాని బెల్టు బిగించాడు. రెండు రోజులకు మళ్ళీ అదే గొడవ. ఇంకా బిగించాడు. చివరకు మోటారు బేరింగు కాలిపోయింది. కొత్త బేరింగూ, కొత్త బెల్టూ వేయించాడు. వారం తిరక్కుండానే మళ్ళీ కీచుమంది. డబ్బాలతో వచ్చినవాళ్ళు పక్క ఊరి దారి పట్టారు.

తప్పు ఎక్కడుందో ఊహించగలరా? ముందు బెల్టు చేసే పనేమిటో చూద్దాం.

మోటారు పుల్లీ వ్యాసం 10 సెం.మీ., మర పుల్లీ వ్యాసం 30 సెం.మీ. అనుకోండి. మోటారు నిమిషానికి 1440 సార్లు తిరిగితే మర అందులో మూడో వంతు, అంటే 480 సార్లు తిరగాలి. బెల్టు సెకనుకు సుమారు ఏడున్నర మీటర్ల వేగంతో పరుగెడుతుంది. మోటారు 5 అశ్వసామర్థ్యాలదైతే ఈ వేగంలో బెల్టు మరను లాగే నికర బలం దాదాపు 50 కిలోల బరువుతో సమానం. ఇంత బలాన్నీ మోయడానికి మేకులు లేవు, పళ్ళు లేవు. ఉన్నదల్లా ఘర్షణే. లాగవలసిన బలం ఘర్షణ ఇవ్వగలిగినదాన్ని మించిందా, బెల్టు జారుతుంది. జారినప్పుడు వృథా అయిన శక్తి వేడిగా మారుతుంది. ఆ మాడు వాసన దానిదే.

ఈ ఘర్షణ లెక్క తమాషాగా ఉంటుంది. తాడు విడిపించుకోబోయే గేదెను ఒక కుర్రవాడు ఎలా ఆపుతాడు? పలుపును గుంజకు రెండు చుట్లు చుట్టి, కొసను పట్టుకుంటాడు. ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే, సగం చుట్టు చుట్టినప్పుడు కొసన ఒక కిలో బలంతో పట్టుకుని అవతల రెండున్నర కిలోల లాగుడును ఆపవచ్చు. ఒక పూర్తి చుట్టుకు అది ఆరున్నర కిలోలు. రెండు చుట్లకు 43! చుట్టు పెరిగే కొద్దీ పట్టు కూడికలా కాక గుణకారంలా పెరుగుతుంది. ఈ సూత్రాన్ని ఇచ్చినవాడు 18వ శతాబ్దపు గణితవేత్త ఆయిలర్. బెల్టు చిన్న పుల్లీని సగం చుట్టుకన్నా తక్కువే చుట్టుకుంటుంది కాబట్టి సాధారణంగా ముందు జారేది అక్కడే.

మరి ఇంత తక్కువ చుట్టుతో పని ఎలా జరుగుతుంది? ఇక్కడే వి-బెల్టు గొప్పదనం ఉంది. దీన్ని అడ్డంగా కోసి చూస్తే పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటుంది. పుల్లీ గాడి కూడా అలాంటిదే. బెల్టు గాడి అడుగున ఆనదు, రెండు పక్క గోడల మధ్య చీలలాగా ఇరుక్కుంటుంది. ఆ గోడల మధ్య కోణం 40 డిగ్రీలైతే పట్టు దాదాపు మూడు రెట్లవుతుంది. మన గుంజ లెక్కలో సగం చుట్టుకు రెండున్నర రెట్లు వచ్చిన చోట ఇప్పుడు 15 రెట్లు పైనే వస్తుంది.

ఇక మా ఊరి మరకు వద్దాం. పట్నం నుంచి వచ్చిన మెకానిక్ ముందు స్విచ్చి కట్టేసి, ఫ్యూజు తీసి జేబులో వేసుకున్నాడు. (సెకనుకు ఏడున్నర మీటర్లు వెళ్ళే బెల్టు పుల్లీలోకి దిగేచోట వేలు పడితే వెనక్కి తీసుకునే వ్యవధి ఉండదు. పైపంచె అంచు చిక్కినా అంతే.) తర్వాత బెల్టు తప్పించి మోటారు పుల్లీ గాడిలోకి చూశాడు. గాడి అడుగు అద్దంలా మెరుస్తోంది! అంతే, జబ్బు దొరికింది. ఏళ్ళ తరబడి అరిగి గోడలు లోతు పడ్డాయి. కొత్త బెల్టు కూడా దిగజారి అడుగున ఆనుకుంటోంది. చీల పట్టు పోయింది, మామూలు పటకా పట్టే మిగిలింది. మార్చవలసింది పుల్లీ అయితే యజమాని మార్చింది బెల్టు! బిగించిన ప్రతిసారీ ఆ అదనపు బలమంతా బేరింగుమీద పడింది.

గాడి బాగుంటే అతడు ఇంకేం చూసేవాడు? బెల్టుకు నూనె అంటిందేమోనని చూస్తాడు. నూనె ఘర్షణను చంపేస్తుంది, రబ్బరును ఉబ్బిస్తుంది. బెల్టు ఒక పక్కే అరిగిందంటే పుల్లీలు ఒకే వరసలో లేవన్నమాట. రెండు పుల్లీల అంచులకూ ఒక దారం బిగువుగా లాగి పట్టుకుంటే, అది నాలుగు చోట్లా తాకుతోందో లేదో కంటికే తెలుస్తుంది. బిగువు సంగతి చివరికి. పుల్లీల మధ్య బెల్టు పొడవు 64 సెం.మీ. ఉంటే, నడుమ వేలితో గట్టిగా నొక్కినప్పుడు సుమారు 1 సెం.మీ. దిగాలి. ఎక్కువ దిగితే వదులు, దిగనే దిగకపోతే బేరింగుకు చేటు. కొందరు గుగ్గిలం పొడి చల్లుతారు. కాసేపు అరుపు ఆగుతుంది గాని జబ్బు అలాగే ఉంటుంది.

అమెరికాలో పచ్చిక కోయడానికి మీద కూర్చుని నడిపే యంత్రాలు ఉన్నాయి. వాటిలో చాలావాటికి చక్రాలను తిప్పేదీ వి-బెల్టే. ఒక స్ప్రింగు చిన్న పుల్లీని బెల్టుకేసి నొక్కి ఉంచుతుంది. ఆ స్ప్రింగు సడలితే బండి చదును నేలమీద చక్కగా పోయి, మిట్ట ఎక్కమంటే నిలిచిపోతుంది. గింజలు పోయగానే నెమ్మదించిన మన మర లాంటిదే కదూ!

మీ ఇంట్లో కాలితో తొక్కే కుట్టుమిషను ఉంటే ఒక పరీక్ష చేయండి. సూది తీసేయండి. పై చక్రంమీదా, కింది పెద్ద చక్రంమీదా సుద్దతో గీత పెట్టండి. పెద్ద చక్రాన్ని చేత్తో మెల్లగా పదిసార్లు తిప్పి, పైది ఎన్నిసార్లు తిరిగిందో లెక్కించండి. తరువాత ఒక స్నేహితుణ్ణి పై చక్రాన్ని అరచేత్తో మృదువుగా అదిమి పట్టుకోమని, మళ్ళీ పదిసార్లు తిప్పండి. లెక్క ఎంత తగ్గింది?