పెరటిలో పండ్ల చెట్లు

పెరటి చెట్టు వైద్యానికి రాదని సామెత. మన కర్నూలు, కడప సీమలలో అసలు ఆ చెట్టు వేసవి దాటుటయే కష్టము. మనలో అనేకులము వానాకాలమున అంటు తెచ్చి నాటుదుము. మరుసటి వేసవికి అది ఎండిపోవును. లోపము తరచుగా మన ఎన్నికలోనే ఉన్నది.

బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. అది మనకు గర్వకారణము. అయినను మామిడికి చెట్టుకు చెట్టుకు నడుమ సుమారు 30 అడుగుల ఎడము వలెను. చిన్న పెరటికి అది తగదు. ఏటా సుమారు 650 నుండి 700 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ నేలకు సీతాఫలము, రేగు మేలు. అవి వేసవిలో ఆకు రాల్చి నీటిని పొదుపు చేసికొనును. జామ, దానిమ్మలకు మరికొంత తడి అవసరము.

ఎండలలోనే రెండడుగుల గుంట త్రవ్వి ఆరనీయవలెను. పైమన్నును, చివికిన పశువుల ఎరువును కలిపి నింపి, తొలకరి పదును చూచి నాటవలెను. అంటు కట్టిన అతుకు మట్టిలో మునుగరాదు. అతుకు క్రింద మొలచు పిలకలను తీసివేయనిచో తుదకు నాటు చెట్టే మిగులును. బియ్యము కడిగిన నీటిని పాదులోనికి మళ్లించి, మొదలుకు తగులకుండ ఎండుటాకులు పరచవలెను.

వేసవిలో బిందె మోయునది మన ఇంటిలోని అమ్మయో, అక్కయో. ఆ శ్రమకు తగిన చెట్టును ఎన్నుకొనుటయే మన చదువుకు పరీక్ష.