బొప్పాయిచెట్టుకు పట్టిన తెల్లపిండి

మన వీధులలో బొప్పాయిచెట్టు లేని పెరడు అరుదు. విత్తు పడినచోటనే మొలచును. ఏడాది తిరుగక మునుపే కాయలు కాయును. ఇట్టి చెట్టునకు 2008వ సంవత్సరమున మన కోయంబత్తూరు ప్రాంతమున ఒక క్రొత్త పీడ పట్టెను. ఆకుల అడుగునను, కాయలమీదను దూది అతికించినట్లు తెల్లని పదార్థము పేరుకొనెను. ఆకులు ముడుచుకొని, పండబారి రాలిపోయెను. మేమును మొదట దానిని బూజే యనుకొని నీళ్ళతో కడిగి ఊరకుంటిమి. కొలది దినములలోనే అది మరల వచ్చెను.

అది బూజు కాదు, పురుగు. దానిని పిండినల్లి యందురు. ఒడలినిండ మైనపుపొడి కప్పుకొని యుండుటచే ఆ పేరు వచ్చినది. సన్నని సూదివంటి నోటిని ఆకులో దించి రసము పీల్చును. అది విసర్జించు తీయని జిగురుమీద నల్లని బూజు పెరుగును. ఆ తీపికై చీమలు చేరి, పాడియావును కాచినట్లు దానిని కాచును. దీని పుట్టినిల్లు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతము.

బొప్పాయితో ఆగిన కొంత నయమే. మల్బరీ, కర్రపెండలము, ప్రత్తి మొదలగు పైరులకును అది ప్రాకెను. అందు మల్బరీ రైతు కష్టము చెప్పనలవి కాదు. మందు చల్లినచో ఆ యాకు తిన్న పట్టుపురుగులు చచ్చును. చల్లనిచో పట్టుపురుగునకు పెట్ట ఆకే మిగులదు. మైనపుపూత వలన మందు పురుగు శరీరమునకు చక్కగా తగులదు కూడ. చల్లిన మందు తక్కిన మంచి కీటకములను మాత్రము తప్పక చంపును.

మెక్సికోలో అంతటి యుపద్రవము కాని పురుగు ఇచ్చట ఏల విజృంభించెను? అచ్చట దానిని అదుపులో నుంచు సహజ శత్రువులు గలవు. మొక్కతోనో కాయతోనో పురుగు సముద్రము దాటునపుడు శత్రువు వెంట రాకపోవచ్చును. సంగతియంతయు ఇందే యున్నది.

కావున ఆ శత్రువునే రప్పించిరి. 2010లో బెంగుళూరులోని జాతీయ కీటక పరిశోధన సంస్థవారు ప్యూర్టోరికో ద్వీపమునుండి మిక్కిలి చిన్నవైన కందిరీగలను తెప్పించిరి. అవి మనుష్యులను కుట్టవు. పిండినల్లి శరీరములో గ్రుడ్డు పెట్టును. పిల్ల లోపలనే దానిని తిని పెరుగును. శత్రువును తెచ్చుటయు క్రొత్త ప్రాణిని తెచ్చుటయే గదా! అందుచే మేలుచేయు కీటకములకు హాని కలుగదని మూసిన ప్రయోగశాలలో పరీక్షించిన పిదపనే విడిచిరి. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు వానిని విస్తారముగ పెంచి రైతులకు పంచిరి. కొలది నెలలలోనే తోటలు తేరుకొనెను.

ఇట్టి పురుగులు రాకుండ మన దేశమున 1914లోనే చట్టము చేయబడెను. 2003నాటి ఉత్తర్వు ప్రకారము విదేశమునుండి మొక్కగాని విత్తనముగాని తెచ్చువారు అనుమతిని, ఆరోగ్యపత్రమును చూపి, రేవులోనో విమానాశ్రయములోనో తనిఖీ చేయించవలెను. సింగపూరు నుండియో అమెరికా నుండియో వచ్చు బంధువులు ముచ్చటపడి పెట్టెలో దాచి తెచ్చు అంటుమొక్కకును ఇది వర్తించును. ఈ మాట పిల్లలకంటె పెద్దలకే చెప్పవలసియున్నది.

ఇప్పటికిని అక్కడక్కడ పెరటి బొప్పాయిపై పిండినల్లి కనబడును. వెంటనే ఆకు త్రుంచి పారవేయక భూతద్దముతో చూడుడు. కొన్ని పురుగులు ఉబ్బి, గట్టిపడి, కదలక యుండును. వానిలో కొన్నింటికి సూదితో పొడిచినట్లు గుండ్రని రంధ్రముండును. కందిరీగ వెలుపలికి వచ్చిన ద్వార మదియే.