నాచెజ్ ట్రేస్ మీద సైకిలెక్కే మనవాళ్లకు

నాష్‌విల్ చుట్టుపక్కల మన పిల్లలు ఈ మధ్య మంచి మంచి రోడ్డు సైకిళ్లు కొంటున్నారు. కొన్న వారానికే "అంకుల్, ట్రేస్ మీదికి వెళ్లొచ్చా?" అని ఫోను. నిక్షేపంగా వెళ్లొచ్చు. మిసిసిపిలోని నాచెజ్ ఊరి నుంచి అలబామా మూల మీదుగా నాష్‌విల్ పొలిమేర దాకా 444 మైళ్లు, అంటే దాదాపు 715 కిలోమీటర్లు, ఒకే రోడ్డు, ఒకే పార్కు. నేషనల్ పార్క్ సర్వీసు చేతిలో ఉంది. లారీలు రాకూడదు, హోర్డింగులు ఉండవు. ఏళ్ల తరబడి దాని మీద తిరిగినవాణ్ని కనుక నాలుగు మాటలు చెబుతాను. పెద్దవాడి చాదస్తం అనుకున్నా సరే, లైట్ల సంగతి మాత్రం వినండి.

1. ముందు ఆ దారి కథ తెలుసుకుని ఎక్కండి. రెండు వందల ఏళ్ల కిందట కెంటకీ, ఒహాయో వైపు రైతులు పిండి, పొగాకు, పంది మాంసం అడుగు చదునుగా ఉండే పడవల్లో వేసుకుని నది ప్రవాహం వెంట నాచెజ్‌కో న్యూ ఆర్లీన్స్‌కో దిగేవారు. ఆ పడవలు ఎదురెక్కవు. అందుకని సరుకుతోపాటు పడవనూ కలప కింద అమ్మేసి, డబ్బు మూట నడుముకు కట్టుకుని, ఇంటికి నడిచేవారు. ఆ నడక దారే ట్రేస్. పొగ ఓడలు వచ్చి నది మీదే వెనక్కి రావడం కుదిరాక దారి పాడుబడింది. దాని జాడ వెంబడి 1938లో ప్రభుత్వం పార్కును ఏర్పాటు చేసింది. రోడ్డు పూర్తిగా ముగిసింది 2005లో! మన ప్రాజెక్టులే ఆలస్యం అనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మొత్తం దారి చేసేవాళ్లలో చాలామంది కొండలు ముందే అయిపోతాయని నాష్‌విల్‌లో మొదలుపెడతారు. నా మాట వేరు. నాచెజ్‌లో మొదలుపెట్టి ఉత్తరానికి రండి. పడవలవాళ్లు ఇంటికి నడిచిన దిక్కు అదే, మైలురాళ్ల లెక్క మొదలయ్యేదీ అక్కడే. టెనెస్సీ ఎత్తుపల్లాలు వచ్చేసరికి కాళ్లు అలవాటుపడి ఉంటాయి.

2. తిండీ నీళ్లూ మీవే. పార్కు రోడ్డు మీద కొట్టు గానీ పెట్రోలు బంకు గానీ ఉండదు. ఏదన్నా కావాలంటే పక్కకు దిగి ఊళ్లోకి వెళ్లాలి. కొన్నిచోట్ల అది మైలు, కొన్నిచోట్ల అయిదారు మైళ్లు. నీళ్ల కుళాయి ఉన్న చోట్లు ముందే మ్యాపులో చూసి రాసుకోండి. చాలాచోట్ల ఫోనుకు సిగ్నల్ అందదు, కాబట్టి మ్యాపు ఇంట్లోనే దించుకోవాలి. జెల్ ప్యాకెట్ల మీద నాకు నమ్మకం తక్కువ. నిమ్మకాయ పులిహోర చిన్న డబ్బాలో పెట్టుకుంటే మధ్యాహ్నం దాకా ఢోకా లేదు. పెరుగన్నం మాత్రం ఆ ఎండకు ఆగదు.

3. ఇక లైట్లు. రోడ్డు రెండు వరుసలది, పక్కన సైకిలు పట్టేంత అంచు ఉండదు. తారు అయిపోగానే గడ్డి. కార్లకు చాలా మేర గంటకు 50 మైళ్ల వేగం అనుమతి ఉంది, అంటే 80 కిలోమీటర్లు. సైకిళ్లు వరుస మొత్తం వాడుకోవచ్చని బోర్డులు ఉన్నాయి. బోర్డు ఉందిగదా అని వెనక వచ్చేవాడికి మీరు కనబడతారనుకోకండి. చెట్ల నీడ, ఎండ మచ్చలు మచ్చలుగా పడే రోడ్డు మీద నల్ల చొక్కా వేసుకున్న మనిషి మాయమైపోతాడు. చీకటి, పొగమంచు వేళల్లో ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటో రిఫ్లెక్టరో చట్టం అడుగుతుంది. నేను పట్టపగలు కూడా వెనక ఎర్ర లైటు మినుకుమినుకుమనేలా పెట్టమంటాను. చొక్కా పసుపో నారింజో కావాలి. కబుర్లు చెప్పుకుంటూ ఇద్దరు పక్కపక్కన తొక్కడం అక్కడ నిషేధం. ఒకరి వెనక ఒకరే. కబుర్లు దిగాక.

ఆఫీసు వేళల్లో నాష్‌విల్ చివర, టుపెలో దగ్గర, జాక్సన్ పక్కనున్న రిడ్జ్‌లాండ్ దగ్గర కార్లు ఎక్కువ. ఆ గంటలు మానుకోండి.

4. గేర్ల దగ్గర బింకం వద్దు. ముందు చిన్న పళ్లచక్రం 34, వెనక పెద్దది 32 లేదా 34 ఉంటే ఏ వయసువాడైనా ఎక్కుతాడు. మా వయసుకు అదే ప్రాణం.

5. సగటు వేగం చూసుకునే మీటరును జేబులో వేసుకుని, దిగాల్సిన చోట దిగండి. ఇది వేగంగా చేరడానికి వేసిన రోడ్డు కాదు. ఆ పనికి అంతర్రాష్ట్ర రహదారులు ఉన్నాయి. 10వ మైలు దగ్గర ఎమరాల్డ్ మౌండ్ ఉంది. నాచెజ్ తెగవారి పూర్వీకులు మట్టి మోసి కట్టిన ఎనిమిది ఎకరాల దిబ్బ. పైకి ఎక్కి చూడొచ్చు. 41వ మైలు దాటాక పాత దారి ముక్క ఒకటి మిగిలింది. గాలికి కొట్టుకొచ్చి పేరుకున్న మెత్తటి మన్ను కనుక మనుషుల కాళ్లకూ గుర్రపు డెక్కలకూ వానకూ అరిగి, మనిషి కన్నా లోతుగా దిగిపోయింది. వేళ్లు బయటపడ్డ గట్ల మధ్య నిలబడితే పుస్తకంలో చదివిన చరిత్ర కాళ్లకు తెలుస్తుంది. సైకిలు చెప్పుల కింద క్లీట్లు ఉంటాయి, జారతారు. మామూలు చెప్పులు ఒక జత వెంట ఉంచుకోండి.

385వ మైలు దాటాక మెరివెదర్ లూయిస్ సమాధి. సహచరుడు క్లార్క్‌తో కలిసి పసిఫిక్ సముద్రం దాకా వెళ్లొచ్చిన మనిషి, 1809 అక్టోబరులో ఇక్కడి సత్రంలో తుపాకీ గాయాలతో పోయాడు. ఆత్మహత్యా, హత్యా అన్న వాదన ఇంకా నడుస్తోంది. 1848లో నిలిపిన స్మారకం కావాలనే సగంలో విరిగినట్టు చెక్కిన స్తంభం. 438వ మైలు దగ్గరి జంట కమానుల వంతెన 1994లో కట్టారు. పైన తొక్కేవాడికి కమానులు కనబడవు, కింద 96వ నంబరు రోడ్డు మీది నుంచి చూడాల్సిందే.

6. అక్కడి నిశ్శబ్దం బాగుంటుంది. అది ఎలా వచ్చిందో కూడా తెలిసి ఉండాలి. చోక్టా, చికసా తెగల నేల మీద ఈ దారి నడిచింది. 1830ల్లో వాళ్లను మిసిసిపి నది అవతలికి వెళ్లగొట్టారు. టుపెలో దగ్గర చికసా పల్లె ఉన్న చోట ఇప్పుడు ఇళ్ల జాడ తెలిపే గుర్తులే ఉన్నాయి. నాచెజ్‌లోని ఫోర్క్స్ ఆఫ్ ది రోడ్ ఒకప్పుడు బానిసల సంత. గొలుసులతో కట్టిన మనుషులను ఇదే దారిలో అక్కడికి నడిపించారు. మన పిల్లలు అక్కడ ఫొటో దిగే ముందు బోర్డు చదవాలని నా కోరిక. దిబ్బల దగ్గర పెంకు ముక్క దొరికినా జేబులో వేసుకోకండి, అది ఫెడరల్ నేరం.

7. ఏప్రిల్, అక్టోబరు మంచి నెలలు. జులైలో ఉక్కపోత బెజవాడను మరిపిస్తుంది. గడ్డిలో కూర్చుని లేచాక పిడుదులు పట్టాయేమో పిక్కలు చూసుకోండి. పొద్దున, సాయంత్రం జింకలు రోడ్డు దాటతాయి. ఒకటి దాటిందంటే వెనక ఇంకొకటి ఉందనే లెక్క.

8. మొదటిసారి వెళ్లేవాళ్లు కార్ల రద్దీ ఉండే ఉత్తరపు కొసను వదిలేసి, లీపర్స్ ఫోర్క్ దాటి 427వ మైలు దగ్గరి గారిసన్ క్రీక్‌లో కారు ఆపండి. అక్కణ్నుంచి దక్షిణంగా 404వ మైలులోని జాక్సన్ జలపాతం దాకా వెళ్లి వెనక్కి వస్తే 46 మైళ్లు. దారిలో 1818 నాటి గోర్డన్ ఇల్లు, పక్కన డక్ నది. ఆదివారం తెల్లవారగానే బయల్దేరండి, ఇంట్లో ఎన్నింటికి వస్తారో చెప్పి మరీ. తోడు ఎవరూ లేకపోతే నాకు ఫోన్ చేయండి. మెల్లగా తొక్కుతాను, ఆ ఒక్క షరతు మీద వస్తాను.