పాత ఇంజనుకు కొత్త గేరుబాక్సు

విడిభాగాలుగా కొని, ఇంటివద్దే బిగించుకొనే కార్లు ఉన్నాయని మీకు తెలుసా? వీటిని కిట్ కార్లంటారు. ఇంగ్లండులో 1957లో వచ్చిన లోటస్ సెవెన్ అటువంటిదే. తరువాతి సెవెన్ కార్లలో చాలావాటికి ఫోర్డు 'కెంట్' ఇంజను, నాలుగు గేర్లు ఉండేవి. కొందరు ఆ ఇంజనునే ఉంచుకొని, 1982లో వచ్చిన ఫోర్డు సియెరా కారులో వాడిన 'టైప్ 9' అనే ఐదు గేర్ల గేరుబాక్సును దానికి అమర్చారు.

దీనివల్ల లాభమేమిటి? నాల్గవ గేరులో ఇంజను ఒక చుట్టు తిరిగితే, చక్రాలవైపు పోయే షాఫ్టు కూడా ఒక చుట్టే తిరుగుతుంది. ఐదవ గేరు నిష్పత్తి 0.82. అంటే అదే షాఫ్టు ఒక చుట్టు తిరగడానికి ఇంజను 0.82 చుట్టు తిరిగితే చాలు. నాల్గవ గేరులో ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతూంటే, అదే వేగానికి ఐదవ గేరులో 2,460 చుట్లు సరిపోతాయి. చప్పుడు తగ్గుతుంది.

మరి బోల్టులు బిగిస్తే పని అయిపోతుందా? కాదు. గేరుబాక్సు ముందు షాఫ్టు క్లచ్ పలక గుండా పోయి, దాని కొన క్రాంకుషాఫ్టు చివరనున్న చిన్న బేరింగులో కూర్చోవాలి. షాఫ్టు మరీ పొడవైతే క్రాంకుషాఫ్టును నెడుతుంది. పొట్టిదైతే కొనకు ఆధారం ఉండదు. అందుకే ఇంజనునూ గేరుబాక్సునూ కలిపే గంట ఆకారపు తొడుగును సరిపోయే కొలతలతో చేయించాలి. రెండు షాఫ్టుల అక్షాలు ఒకే సరళరేఖలో ఉండాలి. లేకుంటే కారు కదులుతుంది గాని, బేరింగు త్వరగా అరిగిపోతుంది.

ఇప్పుడు మీకొక లెక్క: ఐదవ గేరులో ఇంజను 4,100 చుట్లు తిరిగితే, చక్రాలవైపు షాఫ్టు ఎన్ని చుట్లు తిరుగుతుంది?