కదిలే ఇంటికి చల్లని పెట్టె

ఇంటికి ఫ్రిజ్ కొనేటప్పుడు మనం ఎన్ని లీటర్లు, ఎన్ని స్టార్లు, ధర ఎంత అని అడుగుతాం. ఇంటికి తెచ్చి గోడ సాకెట్‌లో ప్లగ్ పెడతాం. అంతటితో పని అయిపోతుంది. అదే ఫ్రిజ్ మోటార్‌హోమ్‌లో పెట్టాలంటే ఈ ప్రశ్నలు చాలవు. మోటార్‌హోమ్ అంటే పడకలు, వంటగట్టు, నీళ్ల ట్యాంకు అన్నీ లోపలే అమర్చిన బండి. ఐరోపా, అమెరికాల్లో ఇవి ఎంతోకాలంగా వాడుకలో ఉన్నాయి. మన దేశంలో కేరళ 2021లో ‘కేరవాన్ కేరళ’ పేరుతో ఇలాంటి పర్యటనలను ప్రోత్సహించడం మొదలుపెట్టింది. దారిలో ఆగిన బండికి గోడ సాకెట్ ఉండదు. నిలిపిన నేల ప్రతిచోటా సమంగా ఉండదు. పైగా ఫ్రిజ్‌కు రెండు మూడు అడుగుల దూరంలోనే మనుషులు పడుకుంటారు.

ఒక ప్రయాణం ఊహించుకుందాం. మే నెల. విజయవాడ నుంచి అరకు లోయకు ఒక కుటుంబం మోటార్‌హోమ్‌లో మూడు రోజుల యాత్రకు బయలుదేరుతోంది. పాలు, పెరుగు, కూరగాయలతో పాటు అమ్మమ్మగారి ఇన్సులిన్ కూడా వెంట ఉంది. వాడని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. వేడెక్కితే దాని శక్తి తగ్గుతుంది. గడ్డకడితే ఇక వాడకూడదు. ఈ కుటుంబానికి ఏ ఫ్రిజ్ సరిపోతుంది? మనం తరగతిలో నేర్చుకున్న భౌతికశాస్త్రంతోనే జవాబు వెతుకుదాం.

ఫ్రిజ్ చేసే పని ఏమిటి?

ఫ్రిజ్ చల్లదనాన్ని తయారు చేయదు. లోపలి వేడిని తీసుకెళ్లి బయట వదులుతుంది. ద్రవం ఆవిరి కావాలంటే వేడి కావాలి. దీన్నే బాష్పీభవన గుప్తోష్ణం అంటాం. చేతిమీద స్పిరిట్ రాస్తే చల్లగా అనిపించేది ఇందుకే. ఫ్రిజ్ లోపలి గొట్టాల్లో ఒక ద్రవం ఆవిరవుతూ పాల గిన్నె నుంచి, కూరగాయల నుంచి వేడి లాక్కుంటుంది. వెనుక గొట్టాల్లో ఆ ఆవిరి మళ్లీ ద్రవంగా మారుతూ ఆ వేడిని బయట విడుస్తుంది. ఈ చక్రం తిరగాలంటే బయటినుంచి శక్తి ఇవ్వాలి.

కాబట్టి మోటార్‌హోమ్ ఫ్రిజ్‌ను ఎంచుకునేటప్పుడు ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. శక్తి ఎక్కడినుంచి వస్తుంది? వేడి ఎటు పోతుంది? యంత్రం చెడిపోతే మనుషులకు ఏమవుతుంది? లీటర్లు, ధర, రంగు తర్వాతి సంగతి.

మూడో ప్రశ్న కొత్తది కాదు

1920లలో ఫ్రిజ్‌లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వంటి విషవాయువులు వాడేవారు. కంప్రెసర్ సీలు దగ్గర వాయువు కారితే ఇంట్లోవాళ్ల ప్రాణానికే ముప్పు. బెర్లిన్‌లో ఒక కుటుంబం ఇలా నిద్రలోనే చనిపోయిందన్న వార్త చదివి ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ కలత చెందాడని చెబుతారు. ఆయన, లియో సిలార్డ్ కలిసి 1926 నుంచి కదిలే భాగాలు లేని ఫ్రిజ్ కోసం పనిచేశారు. 1930లో వారికి అమెరికా పేటెంట్ కూడా వచ్చింది. ఆ ఫ్రిజ్ మాత్రం అంగళ్లకు రాలేదు.

అంతకు ముందే, 1922లో, స్టాక్‌హోమ్‌లో బాల్ట్‌జార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ మున్టర్స్ అనే ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థులు కదిలే భాగాలు లేని మరో ఫ్రిజ్‌ను కనిపెట్టారు. అదే శోషణ ఫ్రిజ్. ఈనాటికీ అనేక మోటార్‌హోమ్‌లలో ఉన్నది దాని వారసురాలే.

మంటతో చల్లబరిచే శోషణ ఫ్రిజ్

ఇందులో అమ్మోనియా, నీరు, హైడ్రోజన్ ఒకే మూసిన గొట్టాల వ్యవస్థలో ఉంటాయి. కింద చిన్న గ్యాస్ మంట గానీ విద్యుత్ హీటర్ గానీ నీటిలో కరిగిన అమ్మోనియాను వేడిచేసి ఆవిరిగా వేరుచేస్తుంది. ఆ ఆవిరి పైన చల్లబడి ద్రవమవుతుంది. తర్వాత హైడ్రోజన్ ఉన్న గొట్టంలోకి వెళ్లి తక్కువ ఉష్ణోగ్రత దగ్గరే ఆవిరవుతూ ఫ్రిజ్ లోపలి వేడిని తీసుకుంటుంది. చివరకు నీరు దాన్ని మళ్లీ పీల్చుకుంటుంది. మోటారు లేదు, శబ్దం లేదు. సుమారు 100 లీటర్ల ఫ్రిజ్ రోజుకు దాదాపు 300 గ్రాముల గ్యాస్‌తో నడుస్తుంది. చల్లని దేశాల అడవుల్లో వారాల తరబడి కరెంటు లేకుండా విడిది చేసేవారికి ఇది బాగా నచ్చడానికి కారణం ఇదే.

అయితే ఇందులో ద్రవాలు కదిలేది పంపుతో కాదు, తమ బరువుతోనే. అందుకే ఆగివున్న బండి సమతలంగా ఉండాలి. తయారీదారులు సాధారణంగా 3 నుంచి 6 డిగ్రీల వాలు వరకే అనుమతిస్తారు. 3 డిగ్రీలంటే మీటరు పొడవుకు సుమారు 5 సెంటీమీటర్ల ఎత్తు తేడా. అరకు ఘాట్ రోడ్డు పక్కన బండి ఆపితే ఈ హద్దు ఇట్టే దాటిపోతుంది. బండి నడుస్తున్నప్పుడు కుదుపులకు ద్రవం అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి అంత నష్టం లేదు. వాలులో ఆపి గంటల తరబడి వెలిగించి ఉంచితేనే ద్రవం ఒకచోట నిలిచిపోయి కింది గొట్టం అతిగా వేడెక్కుతుంది. తుప్పు పట్టకుండా కలిపిన సోడియం క్రోమేట్ అక్కడ గడ్డకట్టి దారి మూసేస్తుంది. ఆ నష్టం మళ్లీ సరికాదు.

గొట్టం పగిలితే ఘాటైన అమ్మోనియా, మండే హైడ్రోజన్ బయటికి వస్తాయి. 2006లో అమెరికాలో నిప్పు ప్రమాదం ఉందని ఇలాంటి ఫ్రిజ్‌లను లక్షల సంఖ్యలో మరమ్మతుకు వెనక్కి పిలిచారు. పాత బండి కొనేవారు ఫ్రిజ్ వెనుక పసుపురంగు పొడి, అమ్మోనియా వాసన ఉన్నాయేమో చూడాలి. ఉంటే దాన్ని వెలిగించకూడదు. ఆ పొడి విషం, ముట్టుకోకూడదు.

మంట సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ వాసనా లేవు. తలనొప్పి, వికారం, మగత వస్తాయి. నిద్రలో ఉన్నవారికి అదీ తెలియదు. అందుకే పొగగొట్టం, గాలి కిటికీలు బండి బయటికే తెరుచుకోవాలి. ఫ్రిజ్ వెనుక భాగానికీ మనుషులుండే గదికీ మధ్య సందు ఉండకూడదు. కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. వంటగ్యాస్ గాలికంటే బరువు కాబట్టి దాని అలారం నేలకు దగ్గరగా ఉండాలి. పెట్రోలు బంకులోకి వెళ్లేముందే మంట ఆర్పాలి.

బ్యాటరీతో నడిచే కంప్రెసర్ ఫ్రిజ్

ఇది మన ఇంటి ఫ్రిజ్ లాంటిదే, 12 లేదా 24 వోల్టుల బ్యాటరీ మీద నేరుగా నడుస్తుంది. మంట లేదు కాబట్టి పొగ లేదు. 30 డిగ్రీల వాలులోనూ పనిచేసే కంప్రెసర్లు ఉన్నాయి. ఎండలోనూ బాగా చల్లబరుస్తుంది. దీని కష్టమంతా కరెంటు దగ్గరే. లెక్క చూద్దాం.

నడుస్తున్నప్పుడు కంప్రెసర్ 45 వాట్లు తీసుకుంటుందనీ, వేసవిలో రోజులో సగం సమయం నడుస్తుందనీ అనుకుందాం. 45 × 12 = 540 వాట్-గంటలు. దీన్ని 12 వోల్టులతో భాగిస్తే రోజుకు 45 ఆంపియర్-గంటలు. 100 ఆంపియర్-గంటల లెడ్-ఆసిడ్ బ్యాటరీలో సగమే వాడుకోవడం మంచిది. అంటే సుమారు ఒక రోజుకు సరి. అంతే సామర్థ్యం ఉన్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 80 శాతం వాడుకోవచ్చు. అది దాదాపు ఒకటిన్నర రోజుకు పైగా వస్తుంది. పైకప్పు మీద 200 వాట్ల సౌరఫలకం ఉండి, అయిదు గంటల మంచి ఎండ కాస్తే 1000 వాట్-గంటలు రావాలి. దుమ్ము, వేడి, ఫలకం కోణం వల్ల మూడోవంతు పోయినా 650కి పైగా మిగులుతుంది. మన ఫ్రిజ్‌కు అది చాలు. మబ్బు పట్టిన రోజు చాలకపోవచ్చు. బండి నడిచేటప్పుడు ఇంజను నుంచి చార్జింగ్ వచ్చే ఏర్పాటు ఉండాలని అందుకే అంటాం.

శోషణ ఫ్రిజ్‌నూ బ్యాటరీ మీదే నడపవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. దాని హీటర్ 150 వాట్లదైతే 12.5 ఆంపియర్లు ఆగకుండా తీసుకుంటుంది. పై లెడ్-ఆసిడ్ బ్యాటరీలో వాడదగ్గ 50 ఆంపియర్-గంటలు నాలుగు గంటల్లోనే ఖాళీ అవుతాయి.

చవకగా దొరికే పెల్టియర్ పెట్టె

జాన్ పెల్టియర్ 1834లో కనుగొన్న ఫలితం ఆధారంగా పనిచేసే చిన్న పెట్టెలు కారు సామాన్ల అంగళ్లలో దొరుకుతాయి. ఇవి బయటి ఉష్ణోగ్రత కంటే సుమారు 20 డిగ్రీలే తగ్గించగలవు. విజయవాడలో బయట 42 ఉంటే పెట్టెలో 22. దాహానికి మంచినీళ్లు పెట్టుకోవచ్చు, పాలకూ ఇన్సులిన్‌కూ పనికిరాదు. పైగా 48 వాట్ల పెట్టె ఆగకుండా నడిస్తే రోజుకు 96 ఆంపియర్-గంటలు తాగుతుంది. కంప్రెసర్ ఫ్రిజ్‌కు రెట్టింపు కరెంటు, సగం పని కూడా లేదు.

తీగ కూడా ఫ్రిజ్‌లో భాగమే

మంచి ఫ్రిజ్ కొని సన్నని తీగ వేస్తే ఏమవుతుంది? బ్యాటరీ నుంచి ఫ్రిజ్‌కు 6 మీటర్ల దూరం ఉంటే వెళ్లి రావడానికి తీగ 12 మీటర్లు. రాగి విశిష్ట నిరోధంతో లెక్కిస్తే 1 చదరపు మిల్లీమీటరు తీగకు నిరోధం సుమారు 0.2 ఓమ్‌లు. 5 ఆంపియర్లు ప్రవహిస్తే ఓమ్ నియమం ప్రకారం 1 వోల్టు దారిలోనే పోతుంది. బ్యాటరీ దగ్గర 12 ఉన్నా ఫ్రిజ్‌కు అందేది 11. బ్యాటరీని కాపాడే కటాఫ్ దాన్ని చూసి, బ్యాటరీ అయిపోవచ్చిందనుకుని ఫ్రిజ్‌ను ముందే ఆపేస్తుంది. ఫ్రిజ్ చెడిపోయిందని మనం అనుకుంటాం. 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నష్టం పావు వోల్టే. బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు తప్పక ఉండాలి. లేకపోతే తీగ రాపిడికి తెగి బండి ఇనుముకు తగిలిన రోజు నిప్పు అంటుకుంటుంది.

మన కుటుంబానికి ఏది?

ఫ్రిజ్ మీద అంటించిన పట్టీలో వాతావరణ తరగతి ఉంటుంది. ‘ఎన్’ తరగతి 32 డిగ్రీల వరకు, ‘ఎస్.టి.’ 38 వరకు, ‘టి’ 43 వరకు ఉన్న వాతావరణానికి తయారైనవి. మే నెల కోస్తా ఎండకు ‘టి’ తరగతే కావాలి. శోషణ ఫ్రిజ్ అంత ఎండలో చతికిలబడుతుంది. ఘాట్ రోడ్డు వాలూ దానికి పడదు. కంప్రెసర్ ఫ్రిజ్ ఆగిపోతే పాలు విరుగుతాయి, ఇన్సులిన్‌కు వేరే దారి చూసుకోవాలి. అది నష్టమే. మంట ఉన్న ఫ్రిజ్ తప్పితే మాత్రం నిద్రిస్తున్న మనుషులకే ఆపద. కాబట్టి ఈ ప్రయాణానికి బ్యాటరీ కంప్రెసర్ ఫ్రిజ్, తగిన బ్యాటరీ, సౌరఫలకం, లావు తీగ, ఫ్యూజు ఎంచుకుందాం. పైనుంచి మూత తెరిచే రకమైతే ఇంకా మేలు. చల్లగాలి బరువు కాబట్టి మూత తీసినా లోపలే ఉంటుంది.

దీనికీ జాగ్రత్తలున్నాయి. కొన్నిటిలో ఐసోబ్యూటేన్ అనే మండే వాయువు కొద్దిగా ఉంటుంది. పేరుకున్న మంచును కత్తితో గీకి గొట్టానికి చిల్లు పెట్టకూడదు. వెనుక గాలి ఆడే చోటు వదలాలి. ఆ సందులో దుప్పట్లు కుక్కితే వేడి బయటికి పోలేక కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది. కుదుపులకు తెరుచుకోకుండా తలుపుకు గొళ్లెం ఉండాలి.

బయలుదేరే ముందురోజు ఇంటి కరెంటుతో ఫ్రిజ్‌ను చల్లబరచి, ఇంట్లో చల్లబడిన పదార్థాలే అందులో సర్దాలి. లోపల ఒక థర్మామీటరు పెట్టాలి. ఆ తర్వాత కరెంటు తీసేసి, బ్యాటరీ మీదే ఒక పగలూ రాత్రీ నడిపి చూడాలి. 5 డిగ్రీల దగ్గర నిలిస్తే మన లెక్క సరైనదే. ఇన్సులిన్‌ను మంచు పట్టే పలకకు తగలకుండా చిన్న డబ్బాలో మధ్య అరలో ఉంచాలి. ఎందుకైనా మంచిది, దారిలో మందుల దుకాణం ఎక్కడుందో కూడా రాసుకోవాలి.

ఆలోచించండి

1. మీ ఇంటి ఫ్రిజ్ తలుపు తీసిపెట్టి గది తలుపులన్నీ మూస్తే గది చల్లబడుతుందా, వేడెక్కుతుందా? కారణం రాయండి.
2. కంప్రెసర్ రోజులో మూడింట రెండు వంతుల సమయం నడిస్తే పై కుటుంబానికి రోజుకు ఎన్ని ఆంపియర్-గంటలు కావాలి? 200 వాట్ల ఫలకం సరిపోతుందా?
3. బ్యాటరీ, ఫ్రిజ్‌ల మధ్య దూరం 6 మీటర్లకు బదులు 2 మీటర్లు ఉంటే 1 చదరపు మిల్లీమీటరు తీగలో ఎంత వోల్టేజి పోతుంది?
4. మీ ఇంటి ఫ్రిజ్ పట్టీ చదివి దాని వాతావరణ తరగతి, అందులోని వాయువు పేరు రాసుకురండి. అది మీ ఊరి ఎండకు తగినదేనా?